మడక (నాగలి) వెనక చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం వేయడం కుదరడం లేదు, ఎలా?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. చెన్నైలో ఉద్యోగం మానేసి ఈ ఏడే ఇంటికొచ్చాను. పక్కింటి పెదనాయన రెండెకరాల్లో చెనిక్కాయ వేస్తుంటే, పని నేర్చుకుందామని తోడుగా పోతున్నాను. నిన్న మడక వెనక విత్తనం వేయమన్నాడు. ఎద్దులు ముందుకు పోతుంటే ఒకచోట నాలుగు గింజలు పడతాయి, తర్వాత మూరెడు ఖాళీ. పెదనాయన ఒక్క మాటా అనలేదు, దానికే ఎక్కువ సిగ్గేసింది. పైగా నేను మందు పట్టించిన గింజలకు ఎర్ర పొర ఊడిపోయింది. అవి పనికొస్తాయా?

జవాబు: టెన్షన్ పడొద్దు తమ్ముడూ. గింజల్ని గుప్పెట్లోంచి రాల్చకూడదు. నడుం వంచి, పిడికిలి సాలుకు దగ్గరగా పెట్టి, బొటనవేలితో ఒక్కొక్కటే తోయాలి. గింజకూ గింజకూ 10 సెంటీమీటర్లు ఉండాలి, అంటే అడుగుకు మూడు. రెండడుగుల అంగ వేస్తావనుకుంటే అంగకు ఆరు. సాయంత్రం వాకిట్లో గీత గీసి చింతగింజలతో వేసి చూడు, చెయ్యి దానంతటదే కుదురుతుంది. లోతు 5 సెంటీమీటర్లు చాలు, అది మడక పట్టినవాళ్లు చూసుకుంటారు.

పొర ఊడినవి సరిగా మొలవవు, ఏరెయ్. నువ్వు బియ్యం కడిగినట్టు పిసికి ఉంటావు. కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు పట్టకుండా వేసే మందు) పొడి వేసి, కాసిని నీళ్లు చిలకరించి, గోనెపట్టను ఇద్దరు చెరోవైపు పట్టుకుని దొర్లించాలి. ఆరబెట్టేది నీడలోనే. చేతికి గ్లౌజు తప్పనిసరి. విత్తేటప్పుడు ఒక గింజ నోట్లో వేసుకునే అలవాటు మనకందరికీ ఉంది, మందు పట్టిన గింజతో ఆ పని వద్దు. ఏరేసినవి కోళ్లకు కూడా వేయొద్దు, గుంత తీసి పూడ్చెయ్.

మరొకరు: విత్తనం వేసే ట్రాక్టర్ గొర్రు బాడుగకు తెస్తే ఈ తిప్పలే ఉండవు కదన్నా?

జవాబు: చిన్న కయ్యల్లో ట్రాక్టర్ తిరగదబ్బా. అయినా పదును, అంటే విత్తడానికి మన్నులో సరిపడా తడి ఉందా అని చూడటం గొర్రు నేర్పదు. పిడికెడు మన్ను పిసికితే ముద్ద కావాలి, కింద వేస్తే పగలాలి. చేతికి జిగటగా అంటుకుంటే ఇంకో పూట ఆగాల్సిందే.

అడిగినవారు: అంగకు ఆరు లెక్క పట్టుకున్నాక ఈరోజు మధ్యాహ్నానికి ఎద్దుల్ని అందుకున్నానన్నా. నడుం మాత్రం పట్టేసింది. దానికేమైనా ఉందా?

జవాబు: లేదు. మూడో రోజుకు అదే సర్దుకుంటుంది.