పిల్లకోళ్ళు రక్తం వచ్చేలా పొడుచుకుంటున్నాయి: ఎప్పుడు అడ్డుపడాలి, ఎప్పుడు వదిలేయాలి?

ప్రశ్న (పెరటిగూడు, రాజమహేంద్రవరం దగ్గర)

నమస్కారం. పెరట్లో కోళ్ళు పెంచడం నాకు ఇదే మొదటిసారి. అందుకే ఏదీ దాచకుండా వివరంగా రాస్తున్నాను. అనుభవం ఉన్నవారు ఓపికగా చదివి దారి చెప్పగలరు.

నెలన్నర వయసున్న వనరాజా (పెరటి పెంపకానికి తయారుచేసిన కోడి రకం) పిల్లలను పదకొండింటిని తెచ్చి నాలుగు వారాలయింది. ఇన్నాళ్ళూ చిన్న చిన్న తోపులాటలు తప్ప పెద్ద గొడవ లేకుండానే పెరిగాయి. ఎనిమిది రోజుల క్రితం పక్క ఊరి బంధువులు తల్లికోడి కింద పెరిగిన నాటు పిల్లలను నాలుగింటిని ఇచ్చారు. వాటి వయసు కూడా దాదాపు రెండున్నర నెలలే. అందులో రెండు పుంజులు, రెండు పెట్టలు. పుంజుల్లో ఒకటి డేగ, ఒకటి కాకి; రంగును బట్టి వాటిని అలా పిలుస్తారు. వాటి తండ్రి పందేలకు పెంచే జాతి పుంజని చెప్పారు. తెచ్చిన మధ్యాహ్నమే గంప ఎత్తి నాలుగింటినీ పాత పిల్లలున్న గూట్లోకి వదిలాను.

ఆ క్షణం నుంచి గూట్లో శాంతి లేదు. డేగ, కాకి రెండూ మెడ ఈకలు గొడుగులా విప్పుకొని, తలలు నేలకు ఆనించినట్టు వంచి, కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకుని ఒక్కసారిగా ఎగిరి కాళ్ళతో తన్నుకుంటాయి; రొప్పుతూ పక్కకు తప్పుకున్నా, అరగంట తిరగకముందే మళ్ళీ మొదలు. వాటికంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది కొత్తగా వచ్చిన పెట్టల్లో చిన్నది. వనరాజా పెట్టలు నాలుగైదు కలిసి దాన్ని తోక మొదట్లో పొడిచి ఈకలు పీకేశాయి, నిన్నటినుంచి అక్కడ రక్తం వస్తున్నది. అది నీళ్ళ డబ్బా వెనుక మూలకు ముఖం పెట్టి రోజంతా అలాగే నిలబడుతున్నది.

గూడు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పగలు తిరగడానికి వల కట్టిన ఆవరణ ఉంది కానీ, ముంగిసల భయంతో తొమ్మిది దాటితే గానీ తలుపు తీయను. పాము భయంతో రాత్రంతా బల్బు వెలుగుతూ ఉంటుంది. మేతకు ఒక తొట్టి, నీళ్ళకు ఒక డబ్బా. మొదట్లో కొన్న దాణా అయిపోయాక నూకలు, తౌడు, మిగిలిన అన్నం పెడుతున్నాను.

మా మామగారు, "కోళ్ళన్నాక పొడుచుకుంటాయి, నాలుగు రోజులు పోతే అవే సర్దుకుంటాయి" అంటున్నారు. ఆయన మాట కాదనలేను, ఆ చిన్నదాన్ని చూస్తూ ఊరుకోనూలేను. ఏది మామూలు పోట్లాట, ఏది ప్రమాదం అన్నది ఎలా గుర్తుపట్టాలి?

సమాధానం 1 (సత్తుపల్లి పెద్దమ్మ)

అమ్మా, మీ మామగారు అన్నది సగం నిజం. నేను కాపురానికి వచ్చిన నాటినుంచి, అంటే ముప్పై ఏళ్ళకు పైగా, మా వాకిట్లో కోళ్ళు లేని రోజు లేదు. ఏ కోడిది పెత్తనమో, ఏ కోడి ఎవరికి తప్పుకోవాలో తేలేవరకూ పిల్లకోళ్ళు తన్నుకుంటాయి. తేలిపోయాక పెద్దది ఒక చూపు చూస్తే చాలు, చిన్నది పక్కకు జరుగుతుంది. ఆ వరుస కుదరకుండా మనం మాటిమాటికీ విడదీస్తే పోరు ఆగదు, వాయిదా పడుతుంది.

అయితే ఆ వరుస కుదరాలంటే ఓడిన కోడికి పారిపోయే చోటు ఉండాలి. నేను చూసేది అదొక్కటే. ఓడింది పది అడుగులు పరుగెత్తి, ఒక పొద చాటుకు చేరి, కాసేపటికి ఈకలు దులుపుకొని మళ్ళీ మేతకు వచ్చిందంటే నేను లేచి కూడా చూడను. మూలకు ముఖం పెట్టి నిలబడిందంటే మాత్రం, తాను ఓడిపోయానని చెప్పడానికి దానికి దారి దొరకలేదన్న మాట. వెంటనే చేతిలోకి తీసుకుంటాను. ఎదుటి కోడికి అది ఇంకా తన ముందే నిలబడినట్టు కనిపిస్తుంది కనుక పొడుస్తూనే ఉంటుంది.

రక్తం కనబడితే ఇంకేమీ ఆలోచించవద్దు. ఎరుపు కనిపిస్తే ఏ గొడవా లేని కోడి కూడా వచ్చి ఒక పోటు పొడిచి పోతుంది. గాయాన్ని గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, తడి ఆరాక వేపనూనెలో పసుపు కలిపి రాయండి. ఈగలు వాలవు, ఆ చేదుకు మిగతావి నోరు పెట్టవు. పిల్లను చీకటి గదిలో దాచేయకండి. అదే గూట్లో ఒక మూల వల అడ్డం కట్టి, అందులో దానికి మేత, నీళ్ళు పెట్టండి, తోడుగా దానితో వచ్చిన రెండో పెట్టను ఉంచండి. కంటికి కనబడుతూ ఉంటేనే మిగతా కోళ్ళు దాన్ని తమదిగా గుర్తుంచుకుంటాయి. వారం పాటు కనబడకపోతే అది మళ్ళీ కొత్త కోడే అవుతుంది.

పొద్దుగూకాక దాన్ని పట్టుకొని మెడ కింద మేత నిలిచే సంచిని వేళ్ళతో తడిమి చూడండి. నిండిన నిమ్మకాయలా తగిలితే తిన్నట్టు. వట్టి తోలులా జారిపోతుంటే ఆ రోజు దాన్ని తొట్టి దగ్గరకు రానివ్వలేదని అర్థం. గాయం మానడానికంటే ముందు చూడవలసినది అదే.

సమాధానం 2 (పశుసంవర్ధకంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి, నూజివీడు)

పెద్దమ్మగారు చెప్పిన దానికి నేను కొన్ని విషయాలు చేర్చదలిచాను. కోళ్ళలో ఈ పెత్తనం వరుసను శాస్త్రీయంగా మొదట వివరించినవారు నార్వే దేశస్థుడు షెల్డరప్-ఎబ్బె. ఆయన పరిశీలనలు 1922లో అచ్చయ్యాయి, పెకింగ్ ఆర్డర్ అన్న మాట ఆ పరిశీలనల నుంచే వ్యాపించింది. రెండు మూడు వారాల వయసులో పిల్లలు ఆటగా ఎదురెదురుగా దూకడంతో ఇది మొదలై, రెండు నెలలు దాటే సరికి ఒక కొలిక్కి వస్తుంది. పుంజులకు ఒక వరుస, పెట్టలకు మరొక వరుస ఏర్పడతాయి. మీ వనరాజా పిల్లలు సరిగ్గా తమ వరుస కుదుర్చుకుంటున్న వయసులో మీరు నాలుగు కొత్త పిల్లలను తెచ్చి కలిపారు. కుదిరీ కుదరని వరుస కదిలిపోయింది, అందుకే కొత్తవాటి మధ్యనే కాక పాతవాటిలో కూడా మీకు ఈ అలజడి కనిపిస్తుండవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వివరాలు వేరే ఉన్నాయి. మొదటిది చోటు. ఇరవైనాలుగు చదరపు అడుగుల గూట్లో పదిహేను పిల్లలు రాత్రి పడుకోవడానికి ప్రస్తుతానికి సరిపోతాయి, కానీ తెల్లవారి లేచినప్పటినుంచి తొమ్మిదింటిదాకా, ఆకలితో, ఒకే తొట్టి చుట్టూ అవి ఆ గూట్లోనే ఉంటున్నాయి. మీ ఇంట జరుగుతున్న పొడుపులో ఎక్కువ భాగం ఆ మూడు గంటల్లోనే జరుగుతున్నదని నా అంచనా. ఒకరోజు పొద్దున్నే కూర్చొని గమనించండి. ఆవరణ వలకు కిందిభాగంలో ఒక అడుగు మేర సన్నకన్ను ఇనుప జాలి కట్టి, దాని అంచును మట్టిలో పాతితే ముంగిస బెడద చాలావరకు తగ్గుతుంది, తెల్లవారగానే తలుపు తీయవచ్చు.

రెండవది వెలుతురు. రాత్రంతా బల్బు వెలిగితే కోళ్ళకు నిద్ర ఉండదు, నిద్రలేని పిల్లలు చిరాకుతో పొడుస్తాయి, పైగా చిన్న గాయం కూడా ఆ వెలుగులో మిగతావాటి కంట పడుతుంది. పాము రాకుండా చూడవలసింది జాలీ, బల్బు కాదు.

మూడవది మేత, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది. నూకలు, తౌడు, అన్నం కడుపు నింపుతాయి గానీ ఈకలు మార్చుకుంటున్న వయసులో కావలసిన మాంసకృత్తులు ఇవ్వవు. ఈ వయసు పిల్లల దాణాలో సుమారు 16 శాతం మాంసకృత్తులు ఉండాలి. అవి చాలకపోయినా, ఉప్పు చాలకపోయినా కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీకి తినడం మొదలుపెడతాయి. పీకిన ఈకలు గూట్లో నేలమీద పడి ఉన్నాయా, లేక మాయమవుతున్నాయా చూడండి. మాయమవుతుంటే అవి తింటున్నాయని గ్రహించండి. పెరిగే పిల్లల దాణా కనీసం రోజూ సగం మేతగా పెట్టండి. మిగతా సగంలో బూజు పట్టని వేరుశనగ చెక్క, నీటిమీద పెరిగే అజొల్లా మొక్క, దొరికితే చెదలు చేర్చండి. ఎండుచేపల పొడి మంచిదే కానీ కడిగి ఆరబెట్టినదే వాడండి, ఉప్పు మోతాదు మించితే కోళ్ళకు విషమే.

తొట్లు మూడు, నీళ్ళ డబ్బాలు రెండు చేయండి. ఒకచోట నిలబడిన కోడికి రెండోది కనబడనంత దూరంలో, మధ్యలో ఒక తడికో పాత గంపో అడ్డం ఉండేలా అమర్చండి. ఎంత పెత్తనం చేసే పెట్ట అయినా ఒకేసారి మూడు తొట్లకు కాపలా కాయలేదు.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను, తప్పుగా తీసుకోకండి. బయటినుంచి తెచ్చిన కోళ్ళను అదే రోజు కలపడం పోట్లాట కంటే పెద్ద ప్రమాదం. కొక్కెర తెగులు ఒక్క పిల్లతో వచ్చినా గూడంతా ఖాళీ అవుతుంది. కొత్తవాటిని కనీసం మూడు వారాలు వేరే ఉంచి, టీకాలు వేయించి, ఆ తరువాత వారం రోజులు జాలీ మధ్య చూపించి, చివరికి ఒక రాత్రి చీకట్లో పాతవాటి పక్కన కర్రమీద కూర్చోబెట్టాలి. ఇప్పటికైనా పదిహేనింటికీ ఏ టీకాలు పడ్డాయో చూసుకొని, మిగిలినవి దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో వేయించండి.

సమాధానం 3 (కోళ్ళషెడ్డు, తణుకు)

ఇంత శ్రమ అవసరం లేదండి. గుడ్ల కోసం పెంచే లేయర్ షెడ్లలో చేసినట్టు పొడిచే పెట్టల పైముక్కు కొన కొంచెం కత్తిరించి కాలిస్తే సమస్య అక్కడితో తీరిపోతుంది.

సమాధానం 4 (విశ్రాంత ఉద్యోగి, నూజివీడు)

పైవారి సలహాతో నేను ఏకీభవించను. షెడ్లలో ఆ పని పిల్లలకు వారం పది రోజుల వయసులో, అందుకని ఉన్న యంత్రంతో, చేయి తిరిగినవారు చేస్తారు. రెండున్నర నెలల పిల్లకు ఇంట్లో కత్తెరతో చేస్తే ముక్కులో ఉన్న నరం తెగి, రక్తం ఆగక, రోజుల తరబడి మేత ముట్టదు. పైగా పెరట్లో తిరిగే కోడికి మట్టి గీరి, పురుగు ఏరి బతకడానికి ఆ కొనే ఆధారం. కారణం చోటులోనో మేతలోనో ఉన్నప్పుడు ముక్కు కోయడం ఆ పిల్లకు అన్యాయం.

సమాధానం 5 (గోదావరి గట్టు)

ఆ డేగ, కాకి సంగతి ఎవరూ చెప్పలేదు. జాతి రక్తం ఉన్న పుంజుపిల్లలు మామూలు పుంజుల్లా ఓటమి ఒప్పుకొని తప్పుకోవు. రెండూ చతికిలపడేదాకా తన్నుకుంటాయి, కళ్ళు పోయేవి కూడా ఉన్నాయి. పదిహేను కోళ్ళకు, అందులో ఎనిమిదో తొమ్మిదో పెట్టలు ఉంటాయనుకున్నా, పెద్దయ్యాక ఒక పుంజు చాలు. రెండింటినీ ఒకదానికొకటి కనబడకుండా వేరు చేయండి, మధ్యలో జాలీ ఉంటే సరిపోదు, జాలీకి తల కొట్టుకుంటాయి. తాటాకు తడిక కట్టండి. ఒకదాన్ని ఇచ్చేయాలనుకుంటే పెంచుకునే ఇంటికే ఇవ్వండి. సంక్రాంతి ముందు డేగ రంగు చూసి మంచి ధర ఇస్తామని వచ్చేవారు ఎందుకు అడుగుతున్నారో మీకు తెలుసు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పందెం నేరం, అది పక్కన పెట్టినా మీ చేతిమీద పెరిగిన పిల్లను కాలికి కత్తి కట్టేవారి చేతిలో పెట్టవద్దని నా మనవి.

ప్రశ్న అడిగినవారు, పదమూడు రోజుల తరువాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పిన మరుసటి రోజు తెల్లవారుజామునే ఆవరణలో పీట వేసుకొని కూర్చున్నాను. నూజివీడు వారి అంచనా నూటికి నూరుపాళ్ళు నిజమైంది: తలుపు తీయకముందు గంటలో పద్దెనిమిది పోట్లు లెక్కపెట్టాను, తలుపు తీశాక గంటలో నాలుగు. గూట్లో నేలమీద ఒక్క ఈక లేదు. అంటే తింటున్నాయి. అది చూసినప్పుడు నా కడుపు తరుక్కుపోయింది, తప్పు వాటిది కాదు, నేను పెట్టిన మేతది.

జాలీ పాతించాను, బల్బు తీసేశాను, దాణా మళ్ళీ మొదలుపెట్టాను, తొట్లు మూడయ్యాయి. కొత్తవాటికి టీకాలు పడలేదని తెలిసి ఆసుపత్రిలో వేయించాము. కాకి పుంజును, నన్ను తోబుట్టువులా చూసుకునే మా ఆడపడుచు ఇంటికి పంపాము, అక్కడ వేరే పుంజు లేదు. డేగ ఇప్పుడు వనరాజా పుంజులతో తలపడుతున్నది గానీ అవి పరుగెత్తి తప్పుకుంటున్నాయి, అది కూడా వెంటపడి పొడవడం లేదు. మా మామగారు స్వయంగా తాటాకు తడికలు రెండు అల్లి ఆవరణ మధ్యలో నిలబెట్టారు.

చిన్న పెట్టను పది రోజులు వల వెనుక ఉంచి, మొన్న రాత్రి తన తోడుతో సహా కర్రమీద ఎక్కించాను. తెల్లవారి రెండు పోట్లు పడ్డాయి, తడిక చాటుకు పరుగెత్తింది, కాసేపటికి మూడో తొట్టి దగ్గర కనబడింది. సాయంత్రం దాని మెడ కింద సంచి తడిమితే గట్టిగా, గుండ్రంగా చేతికి తగిలింది.

ఒక్క సందేహం మిగిలింది. తోక మొదట్లో కొత్త ఈకలు మొలుస్తున్నాయి, ఇంకా విచ్చుకోలేదు, నల్లని సన్న గొట్టాల్లా ఉన్నాయి. గాయం పూర్తిగా మానింది కనుక వేపనూనె ఆపవచ్చునా?

సమాధానం 6 (సత్తుపల్లి పెద్దమ్మ)

ఇప్పుడే ఆపకమ్మా. ఆ గొట్టాల్లో రక్తం ఉంటుంది, ఒక్కటి చిట్లినా కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఈకలు విచ్చుకొని గొట్టం పొట్టులా రాలిపోయేదాకా, రోజు మార్చి రోజు, పొద్దుగూకాక అది కర్రమీద కూర్చున్నప్పుడు రాయండి. అప్పుడైతే పట్టుకోవడానికి తరమనక్కర లేదు.