వరి ఊక మీద ట్రైకోడెర్మా పెంచితే నల్లబూజు పట్టింది, వాడవచ్చా?

ప్రశ్న (జగిత్యాల రైతు):
పసుపులో దుంపకుళ్లు ఏటా వస్తున్నందున, ఈసారి తెగులు శిలీంధ్రాలను అణిచే మేలుచేసే శిలీంధ్రమైన ట్రైకోడెర్మాను ఇంట్లోనే పెంచుదామని మిల్లు నుంచి తెచ్చిన ఊకను బాగా తడిపి, గుప్పెడు తవుడు కలిపి, ప్యాకెట్ పొడి చల్లి గోనెసంచిలో కట్టి ఉంచాను. అయిదో రోజున విప్పి చూస్తే అంచుల్లో ఆకుపచ్చగా ఉంది కానీ, నడుమ నల్లబూజు పట్టి పుల్లని వాసన వస్తోంది, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. దీన్ని పొలంలో వేయవచ్చా?

జవాబు 1:
వేయకండి. ఆ నల్లబూజు బహుశా హానిచేసే బూజు రకమైన ఆస్పర్‌జిల్లస్ కావచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుని దూరంగా పూడ్చిపెట్టండి, తవుడు ఉంది కదా అని పశువులకు మాత్రం పెట్టవద్దు. ఊకలో ఇసుకలాంటి సిలికా ఎక్కువ, శిలీంధ్రానికి తిండి తక్కువ. తిండి తవుడులో ఉంది, అయితే తవుడు ఒక్కటే తడిపితే ముద్దకట్టి గాలి ఆడదు కాబట్టి, దాన్ని గుల్లగా ఉంచేందుకే ఊక పనికొస్తుంది. పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఊకలో, తవుడులో ముందే ఉన్న బూజులు చచ్చేలా మీరు ఆవిరి పట్టలేదు. అరకిలో చొప్పున వేడికి తట్టుకునే సంచుల్లో నింపి, మూతికి దూది బిరడా పెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో 45 నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లారాకే పొడి కలపండి. 25 నుంచి 30 డిగ్రీల నీడలో ముందు తెల్లని నూగు, తరువాత ఆకుపచ్చ రంగు వస్తాయి.

జవాబు 2:
ఎకరాలకు సరిపడా కావాలంటే కుక్కర్‌తో పని జరగదు. బాగా చివికిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి ఒకటి రెండు కిలోలు నీడలో కలిపి, తడి గోనెపట్టాలు కప్పి, మూడు నాలుగు రోజులకొకసారి తిరగవేస్తూ రెండు వారాలు ఉంచితే చాలు. పచ్చిపేడ వాడితే కుప్ప కాగిపోయి శిలీంధ్రం చచ్చిపోతుంది. నేను ఒక ఏడాది అలాగే నష్టపోయాను. ఇది తెగులు రాకముందు వేయవలసినదే తప్ప, కుళ్లిన దుంపను బాగుచేయదు. మడిలో నీరు నిలిచినా ఫలితం ఉండదు. దుంపలకు శిలీంధ్రనాశిని మందు కార్బెండజిమ్ పట్టించి, వెంటనే దీన్ని వేయడమూ దండగే, ఆ మందు ట్రైకోడెర్మానూ చంపుతుంది.

ప్రశ్న వేసిన రైతు:
కృతజ్ఞతలు. వేర్లకు భాస్వరం అందించే మైకోరైజా అనే శిలీంధ్రాన్ని కూడా ఇలాగే తవుడు మీద పెంచవచ్చా? మరొక సంగతి, సంచులు ఉంచబోయే గది పక్కనే మా తమ్ముడు వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచుతున్నాడు.

జవాబు 1:
ఆ రకం మైకోరైజా బతికున్న వేరు లేనిదే పెరగదు. ఇసుక కలిపిన మట్టి కుండీల్లో జొన్ననో మొక్కజొన్ననో పెంచి, ఆ వేర్లనూ మట్టినీ వాడతారు. సంచులను మాత్రం ఆ గది దరిదాపుల్లో ఉంచకండి. పుట్టగొడుగుల బెడ్లను పాడుచేసే ఆకుపచ్చ బూజు ట్రైకోడెర్మానే.