ఉగాది బోర్డులు: దయచేసి ‘పుట్’ అని రాసి పంపకండి

బోర్డుల టీం: అందరికీ నమస్కారం. నెదర్లాండ్స్‌లోని మన ఆమ్‌స్టెల్వేన్ హాల్లో అంటించాల్సిన డచ్ బోర్డుల కోసం మీరు పంపిన వాక్యాలన్నీ చదివాను. చాలావాటిలో ఇంగ్లీషు ‘పుట్’ ఉంది. చెప్పులు ఇక్కడ పుట్, కోట్లు అక్కడ పుట్, చెత్త ఇందులో పుట్, కుర్చీలు వెనక్కి పుట్. అనువాదం యాప్‌లో పడేస్తే దాదాపు అన్నిటికీ ‘ప్లాట్సెన్’ అని ఇస్తోంది. అది తప్పేం కాదు, కానీ డచ్ వాళ్ల చెవికి “పాదరక్షలు ఇచ్చట ఉంచవలెను” అన్నట్టుంటుంది. పండక్కి పిలిచిన పక్కింటివాళ్లకి ఆఫీసు నోటీసు చూపించడం ఎందుకు?

డచ్‌లో చూడాల్సింది వస్తువు ఎలా కూర్చుంటుంది అన్నది. అడుగు ఉండి నిలబడేదైతే జెట్టెన్, పడుకునేదైతే లెఖ్ఖెన్, వేలాడేదైతే హంగెన్, సందులోకో సంచిలోకో దూర్చేదైతే స్టొప్పెన్, గిన్నెలో పోసి కలిపేదైతే డూన్. అందుకే కుర్చీ, గ్లాసు, సాంబారు గిన్నె జెట్టెన్, చెంచాలు, నాప్‌కిన్లు లెఖ్ఖెన్. పళ్లెం బల్లమీద పరిచినట్టు కనిపించినా దానికి అడుగుంది కాబట్టి జెట్టెనే, బోర్లిస్తే మాత్రం పడుకున్న లెక్క.

వంట టీం: అయితే లడ్డూ ఏంటన్నా? మా కార్డుల మీద అదే ఆగిపోయింది.

బోర్డుల టీం: లడ్డూకి అడుగు లేదు కదా అక్కా, బంతి లాగే లెఖ్ఖెన్. లడ్డూల ట్రే మాత్రం జెట్టెన్. నోట్లో వేసుకునేటప్పుడు స్టొప్పెన్. పచ్చడి కార్డుమీద వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, కారం అన్నిటికీ కలిపి ఒకే డూన్ చాలు.

వంట టీం: ఇంగ్లీషులో ఆలోచించే బదులు తెలుగులో ఆలోచిస్తే సగం పని అయిపోయేట్టుంది. ఉప్పు వేస్తాం, గిన్నె పొయ్యిమీద పెడతాం, నీళ్లు పోస్తాం. మనకి ఆల్రెడీ విడివిడిగానే ఉన్నాయి.

బోర్డుల టీం: కొంతవరకే. మనం కుర్చీలు ‘వేస్తాం’, విస్తళ్లూ ‘వేస్తాం’, వాళ్లకి అవి రెండు వేర్వేరు. పైగా మన ‘పెట్టు’ తక్కువదేం కాదు, అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పేరు పెడతాం, ఫోన్ పెట్టేస్తాం. అయినా ఇంగ్లీషు మీదుగా వెళ్లడం కన్నా వస్తువుని కళ్లముందు ఊహించుకుని రాయడం నయం. నాకు వాక్యం పంపకండి, ఏ వస్తువు ఎక్కడికి వెళ్లాలో తెలుగులో చెప్పండి చాలు.

పిల్లల కార్యక్రమాలు: చెప్పుల బోర్డు గురించి ఒక మాట. మా అబ్బాయి డ్రాఫ్ట్ చూసి ఒకటే నవ్వు. ‘స్ఖూన్ జెట్టెన్’ (బూటు పెట్టడం) అంటే వాళ్లకి పిల్లలకి బహుమతులు తెచ్చే సింటర్‌క్లాస్ తాత సంగతి, డిసెంబర్ 5కి ముందు వారాల్లో రాత్రిపూట బూటు పెట్టి, అందులో ఆయన గుర్రానికో క్యారెట్ ఉంచి, పొద్దున్నే బహుమతి ఉందేమో చూసుకోవడం. ఉగాదికి వచ్చిన డచ్ పిల్లలు చెప్పుల్లో చాక్లెట్ వెతుక్కుంటారేమో 😄

బోర్డుల టీం: మంచిదే కదా, రెండు చాక్లెట్లు వేసేద్దాం. బోర్డుమీద ‘నేర్‌జెట్టెన్’ అని రాస్తాను, అప్పుడు మామూలుగా కింద పెట్టడం అనే అర్థమే వస్తుంది. అసలు ఇలాంటి బోర్డులకి చాలాసార్లు క్రియే అక్కర్లేదు, “స్ఖూనెన్ హీర్” (చెప్పులు ఇక్కడ) అని ఒక బాణం గుర్తు గీస్తే అయిపోతుంది. చెత్త దగ్గరా అంతే, తిండి మిగిలింది జీఎఫ్‌టీ (తడి చెత్త) డబ్బాలోకి, మురికి పేపర్ పళ్లేలు రెస్ట్‌ఆఫ్వల్ (మిగతా చెత్త)లోకి. బొమ్మ వేస్తే మనవాళ్లకీ ఉపయోగం, ఎందుకంటే పోయినసారి అన్నం ఎక్కడ పడిందో అందరికీ తెలుసు.

కూల్‌డ్రింక్స్ బాధ్యత: ఖాళీ క్యాన్లు, చిన్న ప్లాస్టిక్ సీసాలు చెత్తలో వేయనివ్వకండి, ఒక్కోదానికి 15 సెంట్ల స్టాటీఖెల్ట్, అంటే కొన్నప్పుడు కట్టిన డిపాజిట్, ఖాళీది తిరిగిస్తే వెనక్కి వస్తుంది. సీసాలకి 2021 జులై నుంచి, క్యాన్లకి 2023 ఏప్రిల్ నుంచి ఉంది, ఇంకా మనవాళ్లు నలిపి పడేస్తున్నారు. నలిగితే మెషీన్ తీసుకోకపోవచ్చు. వేరే సంచి, వేరే బోర్డు కావాలి.

బోర్డుల టీం: రాసుకున్నా. కాఫీ స్టాల్ వాళ్లకి కూడా ఒకటి: కాఫీ కాచడాన్ని కూడా ఇక్కడ ‘కొఫీ జెట్టెన్’ అంటారు. ఎవరైనా డచ్ పెద్దాయన “కాఫీ జెట్టెన్ చేయనా” అన్నట్టు అడిగితే కప్పు బల్లమీద పెట్టమని చూపించకండి, ఆయన సాయం చేస్తానంటున్నాడు. ఒప్పుకోండి, మనకి మనుషులు తక్కువ.

చీరల స్టాల్: అతిథులకి చీర కట్టి ఫొటో తీసే దగ్గర ఏం రాయాలండీ?

బోర్డుల టీం: బట్టలకి ఆన్‌ట్రెక్కెన్. టోపీ, కళ్లద్దాలు అయితే ఓప్‌జెట్టెన్. స్టిక్కర్ బొట్టుకి ప్లక్కెన్, అంటే అతికించడం. గాజులకి ఏదీ రాయకండి, చెయ్యి చాపితే మీరే తొడుగుతారు కదా.

వాలంటీర్ల జాబితా: మరి “పేర్లు ఇవ్వండి” అన్న మన పోస్టర్ సంగతేంటి? అక్కడ ‘ఓప్‌ఖేవెన్’ అని ఎవరో మార్చారు. డిక్షనరీలో చూస్తే వదిలేసుకోవడం అని వచ్చింది, నాకు టెన్షన్ వచ్చింది.

బోర్డుల టీం: రెండర్థాలూ ఉన్నాయి. చేతులెత్తేయడమూ అదే, పేరిచ్చి చేరడమూ అదే. పోస్టర్ మీద చూస్తే ఎవరూ పొరబడరు, అలాగే ఉంచండి.

హాల్ బాధ్యత: బోర్డులు ఎన్నైనా రాయండి గానీ గోడలకి టేప్ వద్దని హాల్ మేనేజర్ గట్టిగా చెప్పాడు, రంగు ఊడితే డిపాజిట్‌లో కోత. గాజు తలుపుల మీద ఫర్వాలేదట. ఎమర్జెన్సీ తలుపు దగ్గర మాత్రం బోర్డూ వద్దు, చెప్పులూ వద్దు, కుర్చీలూ వద్దు. వెళ్లేముందు కుర్చీలు దొంతర పెట్టి, నేల ఊడ్చి అప్పగించాలి. ఊడ్చడానికి ఇంకా ఇద్దరు కావాలి.

వంట టీం: మా ఆయన వస్తాడు. ఇంకొకరిని చూడండి.