షార్క్ ఫిన్ యాంటెన్నా పెట్టాక ఎఫ్ఎమ్ సరిగా రావట్లేదు

కారు పైకప్పు మీది పాత రాడ్ యాంటెన్నా తీసేసి, కొత్తగా డ్రిల్ చెయ్యక్కర్లేదు కదా అని అదే రంధ్రంలో జీపీఎస్, 4జీ, ఎఫ్ఎమ్ మూడూ కలిసిన షార్క్ ఫిన్ (సొరచేప రెక్కలా ఉండే పొట్టి యాంటెన్నా) బిగించాను. మొదటి రెండూ బ్రహ్మాండం. ఎఫ్ఎమ్ మాత్రం ఊరు దాటగానే ఒకటే గరగర. స్టీరియో నీలం వైరు నుంచి యాంటెన్నా సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్‌కి 12 వోల్టులు అందుతున్నాయి, మల్టీమీటర్‌తో చూశాను. బేస్ కింద పెయింటు గీకి గ్రౌండు సరిచేశాను, ఇంజిన్ ఆపి విన్నా అంతే. పాత రాడ్ మళ్లీ పెడితే స్టేషన్లన్నీ వస్తున్నాయి. యాంటెన్నాకి మామూలుగా పావు తరంగం పొడవు కావాలి, ఎఫ్ఎమ్‌కి అదే దాదాపు 75 సెంటీమీటర్లు, ఈ బుల్లి రెక్కలో అంత తీగ ఎక్కడ పడుతుంది లెండి! వెనక అద్దం మీద డీఫాగర్ గీతలు (మంచు పొర పోగొట్టడానికి వేడెక్కే తీగలు) ఎలాగూ ఉన్నాయి. వాటినే ఎఫ్ఎమ్ యాంటెన్నాగా వాడాలంటే, డీఫాగర్ కరెంటు రేడియోలోకి పోకుండా ఆపే ఫిల్టర్‌ని ఎక్కడ, ఎలా కలపాలి?