క్లైంబింగ్ ఫ్రేమ్ ఎత్తు తగ్గించాలా, కింద నేల మార్చాలా?

ఆటలపీరియడ్

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఆడుకునే చోట 2.4 మీటర్ల క్లైంబింగ్ ఫ్రేమ్ (పిల్లలు ఎక్కి, వేలాడి ఆడుకునే కమ్మీల చట్రం) ఒకటి, పక్కనే ఎక్కడానికి వీలైన పెద్ద చెట్టు ఒకటి ఉన్నాయనుకుందాం. ఎవరో ఒక పిల్లాడు పడి చెయ్యి విరిగిందంటే చాలు, మూడు సలహాలు వచ్చేస్తాయి: ఫ్రేమ్‌ను సగానికి కోసేయండి, చెట్టు చుట్టూ కంచె కట్టండి, "ఎక్కరాదు" అని బోర్డు పెట్టండి. నా దృష్టిలో మూడూ తప్పే. ఎత్తు అలాగే ఉంచి, ఆ డబ్బు కింద నేల మీద పెట్టాలి.

పిల్లలకు ఎత్తు అవసరం. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో సాహసపు ఆటలను ఆరు రకాలుగా విడదీశారు: ఎత్తు, వేగం, పదునైన పనిముట్లు, నీళ్లూ నిప్పూ వంటివాటి దగ్గర ఆట, కుస్తీలు, పెద్దల కంటికి కనబడకుండా తిరగడం. ఈ ఆరూ ఏదో ఒక రూపంలో దొరకని చోట పిల్లలు ఊరుకోరు, వాటిని తామే తయారు చేసుకుంటారు. ఫ్రేమ్ పొట్టిదైతే పైకమ్మీ మీద నిలబడి నడుస్తారు, జారుడుబల్ల పైకప్పు ఎక్కుతారు. ఆ వాడకానికి ఆ వస్తువును ఎవరూ తయారు చేయలేదు, అసలు ప్రమాదం అక్కడుంది.

ఇద్దరిఅమ్మ

ఆటలపీరియడ్ గారూ, వాదన వినడానికి బాగుంది. కానీ విరిగే చెయ్యి వాదించేవాళ్లది కాదు కదండీ. 1.2 మీటర్ల ఫ్రేమ్ ఎక్కినా వేలాడటం, ఊగడం, బాలెన్స్ అన్నీ నేర్చుకుంటారు. మిగతా 1.2 మీటర్ల వల్ల అదనంగా ఏం వస్తుందో చెప్పండి. పడితే ఏం పోతుందో మాత్రం నాకు బాగా తెలుసు.

కొలబద్ద

ఆటస్థలాల తనిఖీలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ముందు లెక్క చూద్దాం.

1.2 మీటర్ల నుంచి పడితే నేలను తాకేటప్పుడు వేగం గంటకు సుమారు 17 కిలోమీటర్లు. 2.4 మీటర్ల నుంచైతే 25. అంటే ఎత్తు రెట్టింపైనా వేగం రెట్టింపు కాదు. దెబ్బ ఎంత గట్టిదో తేల్చేది ఆ వేగం ఎంత దూరంలో ఆగిపోయిందన్నది. తల కాంక్రీటును తాకితే అర సెంటీమీటరులో ఆగిపోతుంది. అప్పుడు 1.2 మీటర్ల నుంచి పడినా సగటున గురుత్వాకర్షణకు 240 రెట్ల దెబ్బ. అదే 2.4 మీటర్ల నుంచి పడి, గుల్లగా ఉన్న ఇసుకలో 4 సెంటీమీటర్లు దిగి ఆగితే 60 రెట్లే. కాబట్టి గట్టి నేల మీద ఉన్న పొట్టి ఫ్రేమ్, లోతైన ఇసుక మీద ఉన్న పొడుగు ఫ్రేమ్ కన్నా తలకు ప్రమాదకరం. ఎత్తు కోసేసి, కింద సిమెంటు గచ్చును అలాగే వదిలేసేవాళ్లు అర్థం చేసుకోవాల్సింది ఇదే.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1176 ప్రకారం పడే ఎత్తు 3 మీటర్లు దాటకూడదు. కింద ఇసుకైతే 2 మీటర్ల ఎత్తు వరకు 20 సెంటీమీటర్ల లోతు, 3 మీటర్ల వరకు 30 సెంటీమీటర్లు ఉండాలి. పిల్లల కాళ్ల కింద ఇసుక పక్కకు చెదిరిపోతుంది కాబట్టి దీనికి ఇంకో 10 కలపాలి. మన 2.4 మీటర్ల ఫ్రేమ్‌కు 40 సెంటీమీటర్లు పోయాలన్నమాట. అమెరికా మార్గదర్శకాలు ఇసుక విషయంలో ఇంకా కఠినం: 9 అంగుళాల ఇసుకను 4 అడుగుల ఎత్తుకే సరిపోతుందంటాయి. ఈ తేడా చూశాక నేనైతే లోతు ఎక్కువ వైపే మొగ్గుతాను.

ఎంత వెడల్పున పరచాలి? పడే ఎత్తు 1.5 మీటర్ల వరకైతే చుట్టూ మీటరున్నర. అంతకు మించితే ఎత్తులో మూడింట రెండు వంతులు తీసుకుని అర మీటరు కలపాలి. 2.4 మీటర్లకు అది 2.1 మీటర్లు. ఆ మేరలో అంచు రాయి, బెంచీ, చెట్టు వేరు, ఏదీ ఉండకూడదు.

ఇక ఇసుక రకం. కడిగిన, గుండ్రటి రేణువుల ఇసుకే వాడాలి. క్రషర్ నుంచి వచ్చే పొడిలో దుమ్ము ఎక్కువ, రేణువులు కోసుగా ఉంటాయి. నాలుగు వానలు పడేసరికి అది బిగుసుకుని రోడ్డులా తయారవుతుంది. చూడటానికి ఇసుకే, పడితే మాత్రం గచ్చే.

ఎముకలవార్డు

కొలబద్ద గారి లెక్క సరైనదే, కానీ అది తల లెక్క. ఈఎన్ 1177 కింద నేలకు చేసే పరీక్షలో లోహపు తలబొమ్మను జారవిడిచి తలకు తగిలే దెబ్బ తీవ్రతను చెప్పే హెచ్‌ఐసీ అనే అంకె 1000 దాటకుండా చూస్తారు. చేతి ఎముకల గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. మంకీ బార్ల (చేతులతో వేలాడుతూ ఒక్కోటీ దాటే అడ్డకమ్మీల) మీద నుంచి పడే పిల్లలు తలను కాపాడుకోవడానికి చెయ్యి చాస్తారు. అందుకే ఎక్కువగా విరిగేవి ముంజేయి, మోచేయి పైభాగం.

నేల ప్రభావం అసలు లేదని కూడా అనలేం. టొరంటో బడుల్లో ఇసుకను, చెక్కపీచును పోల్చిన అధ్యయనం 2009లో వచ్చింది. ఇసుక ఉన్న చోట చేతులు తక్కువగా విరిగాయి. అరచెయ్యి ఒకచోట పట్టేసినట్టు ఆగకుండా ఇసుకలో జారడం ఇందుకు కారణం కావచ్చు.

ఇద్దరిఅమ్మ గారు భయపడటంలో అర్థముంది. ముంజేయి మణికట్టు దగ్గర చిట్లితే కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. మోచేయికి కాస్త పైన విరిగేది వేరు. ఐదు నుంచి ఏడేళ్ల వయసులో ఇది ఎక్కువ. విరిగిన ఎముక కొన ముందుకొచ్చి అక్కడే ఉన్న రక్తనాళాన్ని, నరాన్ని నొక్కవచ్చు. ఆటస్థలంలో ఉండే పెద్దవాళ్లకు మూడు పరీక్షలు తెలిసుండాలి. అరచెయ్యి పాలిపోయి చల్లబడిందా? మణికట్టు దగ్గర నాడి అందుతోందా? బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిపి సున్నా చుట్టగలుగుతున్నాడా? ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. చెయ్యి ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే కట్టు కట్టాలి, సాగదీసి సరిచేయబోవద్దు. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు.

నా మాట: ఐదారేళ్లవాళ్లకు వేలాడే బార్లు వేరుగా, పొట్టిగా ఉండాలి. పెద్దపిల్లలవి తగ్గించనక్కర్లేదు.

ఇద్దరిఅమ్మ

అంటే ఎంత ఇసుక పోసినా చేతులు విరుగుతూనే ఉంటాయని మీరే ఒప్పుకున్నారు. ఇంకో సంగతి. మొదటి రోజు 40 సెంటీమీటర్లు పోస్తారు సరే, ఏడాది తర్వాత అందులో ఎంత మిగులుతుంది? ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర గుంటలు పడతాయి. దాన్ని ఎవరు నింపుతారు? కాగితం మీది లోతును చూపించి పిల్లలను ఎత్తు ఎక్కిస్తామంటే నేను ఒప్పుకోను.

కొలబద్ద

మీ ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. నిర్వహణ లేనిచోట ఎత్తు తగ్గించమని నేనే రాసిస్తాను. కానీ ఇది బ్రహ్మవిద్య కాదు. ఫ్రేమ్ కాళ్ల మీద ఇసుక ఎక్కడి వరకు ఉండాలో రంగుతో గీత కొట్టాలి. రోజూ ఉదయం దంతెతో గుంటల్లోకి ఇసుక లాగాలి, గాజు పెంకులు, పిల్లుల మలం ఉంటే అప్పుడే కనబడతాయి. వారానికోసారి సన్నటి ఇనప కమ్మీ గుచ్చి చూడాలి. చేత్తో నొక్కితే దిగని చోట పారతో తిరగేసి గుల్ల చేయాలి. అడుగున నీళ్లు పోయే దారి లేకపోతే ఇసుక ఎప్పుడూ తడిగా, బిగుసుకునే ఉంటుంది. గుంట తవ్వేటప్పుడే కంకర పొర, దాని మీద గుడ్డ పరచడం మరిచిపోతారు, తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు అక్కడివే.

ఎత్తు మీద మనం ఎంతసేపైనా వాదించుకోవచ్చు, వాదించాలి కూడా. ఎందుకంటే ఎత్తు పిల్లాడికి కనబడుతుంది. భయమేస్తే దిగిపోతాడు. వాడికి కనబడనివి కొన్ని ఉన్నాయి, వాటిలో వాదనకు తావే లేదు. రెండు కమ్మీల మధ్య, చుట్టూ మూసుకుపోయిన సందు 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య ఉంటే పిల్లల ఒళ్లు దూరిపోతుంది, తల ఇరుక్కుంటుంది, కాళ్లు గాలిలో వేలాడతాయి. అది ఉరి. 8 నుంచి 25 మిల్లీమీటర్ల రంధ్రాల్లో వేళ్లు ఇరుక్కుంటాయి. జారుడుబల్ల పైభాగంలో కోణంగా ఉన్న సందులో టోపీ తాడు, చున్నీ, మెడలోని ఐడీ కార్డు తాడు చిక్కుకుంటాయి. అందుకే ఎక్కే ముందు మెడలో ఏదీ ఉండకూడదు. సైకిల్ హెల్మెట్ కూడా తీసేయాలి. భద్రత కోసమని చాలామంది ఉంచేస్తారు గానీ, ఒళ్లు దూరిన సందులో హెల్మెట్ దూరదు, గడ్డం కింద పట్టీ మెడకు బిగుస్తుంది.

పట్టుకునే బారు మందం కూడా చూడండి. 16 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. లావుపాటి పైపు చూడటానికి దృఢంగా ఉంటుంది, పిల్లల వేళ్లు మాత్రం దాని చుట్టూ తిరగవు. పడటానికి అది చాలు.

చింతకొమ్మ

ఫ్రేమ్ గురించి ఇంత మాట్లాడి చెట్టును వదిలేశారు. నిజానికి నేర్చుకోవడానికి ఫ్రేమ్ కన్నా చెట్టే మంచిది. ఫ్రేమ్‌లో ప్రతి మెట్టూ ఒకే దూరంలో ఉంటుంది, కళ్లు మూసుకుని ఎక్కేయొచ్చు. చెట్టు మీద ప్రతి అడుగుకూ ఆలోచించాలి.

కంచె అక్కర్లేదు, కింది నియమాలు చాలు. ముందు పెద్దవాళ్లు చెట్టు చుట్టూ తిరిగి చూడాలి: ఆకు లేని ఎండుకొమ్మ, బెరడు ఊడిన చోటు, కాండం మీద పుట్టగొడుగులు, తొర్ర, తేనెతుట్టె. ఎండుకొమ్మలు ముందే కోయించాలి. కింద రాళ్లు, నరికిన మొక్కల మొండి కొనలు తీసేయాలి. పిల్లాడు కాలు పెట్టే కొమ్మ కనీసం వాడి చేతి లావుండాలి, పాదం కొమ్మ మొదట్లో, కాండానికి ఆనించి పెట్టాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ చెట్టును అంటిపెట్టుకునే ఉండాలి. వాన పడిన రోజు ఎక్కకూడదు, తడి బెరడు పాచిలా జారుతుంది. ఒకరి కింద ఒకరు ఎక్కకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: పిల్లాణ్ణి ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టొద్దు. సొంతంగా ఎక్కలేని ఎత్తు నుంచి సొంతంగా దిగలేడు. మొదటి కొమ్మ అందకపోతే ఈ ఏడాదికి అందలేదంతే.

ఆటలపీరియడ్

చింతకొమ్మ గారి మాటకు ఒకటి చేరుస్తాను. పైనున్న పిల్లాడితో "జాగ్రత్త! జాగ్రత్త!" అని అరవడం వల్ల ఏమీ ఒరగదు. వాడు మన వైపు తిరిగి చూస్తాడు, కాలు తప్పుతుంది. పనికొచ్చేది అడగాలి: "ఎడమ కాలు ఎక్కడ పెడుతున్నావ్? ఆ కొమ్మ ఊపి చూశావా? దిగే దారి ఏది?" జవాబు చెప్పగలిగితే వాడికి తన సంగతి తెలుసన్నమాట. చెప్పలేకపోతే అప్పుడు దగ్గరికి వెళ్లాలి.

పసిపాదాలు

మీరంతా ఆరేళ్లు దాటినవాళ్ల గురించే రాస్తున్నారు. మూడేళ్ల లోపువాళ్లకు లెక్క వేరు. వాళ్లు ప్రమాదాన్ని అంచనా వేయలేరు కాబట్టి ఎంపిక వాళ్లకు వదిలేయకూడదు. కొన్ని సెంటీమీటర్ల నీళ్లున్న బకెట్ చాలు, ముఖం అందులో పడితే లేవలేరు, శబ్దం కూడా రాదు. నీళ్లాట అయిన వెంటనే తొట్టి బోర్లించాలి. ఎండలో కాలిన జారుడుబల్ల, రబ్బరు మ్యాట్ చర్మాన్ని కాలుస్తాయి. అరచేతి వెనక భాగం ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే పిల్లల్ని దింపొద్దు.

ఇంకొకటి, చాలామంది నమ్మరు. పసివాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని పెద్దవాళ్లు జారుడుబల్ల జారడం, వాడు ఒంటరిగా జారడం కన్నా ప్రమాదం. వాడి బూటు పక్కగోడకు పట్టేస్తుంది, వెనక పెద్దవాళ్ల బరువు ఆగదు, మోకాలి కింది ఎముక మెలితిరిగి విరుగుతుంది. ఒంటరిగా జారితే కాలు తట్టుకున్నా వాడి చిన్న బరువే కాబట్టి ఆగిపోతాడు. సొంతంగా జారలేని వయసైతే పొట్టి బల్ల చూపించండి, పక్కన నిలబడండి.

ఇద్దరిఅమ్మ

సందుల సంగతి, హెల్మెట్ సంగతి తెలియదు, మంచిది చెప్పారు. చెట్టు విషయంలోనూ మీ షరతులన్నీ పాటిస్తే అభ్యంతరం లేదు. ఫ్రేమ్ మీద మాత్రం నా పట్టు అలాగే ఉంది: వారం వారం లోతు కొలిచి రాసిన పుస్తకం తల్లిదండ్రులకు చూపించగలిగిన చోటే 2.4 మీటర్లు. పుస్తకం లేకపోతే 1.2. ఇక పదునైన పనిముట్లు ఆటలో భాగమంటే ఎంతమాత్రం ఒప్పుకోను.

ఎముకలవార్డు

పుస్తకం షరతుకు నా మద్దతు. అందులో ఇంకో గడి పెట్టించండి: ఎవరు, ఏ వస్తువు మీద నుంచి, ఏ చోట పడ్డారు. ఒకే బారు కింద పదేపదే పడుతుంటే లోపం పిల్లల్లో కాదు, ఆ బారులో ఉంటుంది. మొత్తం ఫ్రేమ్ తీసేయకుండా ఆ ఒక్కటి సరిచేయొచ్చు.

చింతకొమ్మ

కత్తి గురించి, ఇద్దరిఅమ్మ గారూ, మీరు "వద్దు" అనేముందు క్రమం వినండి. మొదట కత్తే ఉండదు, కూరగాయల తొక్క తీసే పీలర్ ఉంటుంది. బొటనవేలంత లావు, 30 సెంటీమీటర్ల పొడవున్న పచ్చి కర్ర ఇస్తాం. బెరడు తీయడంలో కత్తితో చేసే కదలికే ఉంటుంది గానీ పీలర్ అంచు లోతుకు దిగదు. ఎప్పుడూ కూర్చునే చేయాలి, చెయ్యి చాచి చుట్టూ తిప్పితే ఎవరూ తగలనంత దూరం ఉండాలి. కర్ర మోకాలికి అవతల ఉండాలి, రెండు తొడల మధ్య ఎప్పుడూ కాదు, తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. కర్ర పట్టుకున్న చెయ్యి అంచుకు వెనక ఉండాలి, గీత ఒంటి నుంచి బయటికి పోవాలి. తెగని గ్లవ్ కర్ర పట్టుకున్న చేతికే. పనిముట్టు చేతికి వేస్తే పట్టు జారుతుంది.

ఇవన్నీ చెప్పకుండానే చేసే పిల్లలకే కత్తి: మడత లేనిది, పొట్టిది, బాగా పదునుపెట్టినది. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, అది జారితే గాయం లోతుగా అవుతుంది. మొదట్లో ఇద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి పక్కనే కూర్చోవాలి. అంతమంది పెద్దవాళ్లు లేని రోజు కత్తి బయటికి తీయకూడదు.

ఇద్దరిఅమ్మ

పీలర్ వరకు సరే. కత్తి దగ్గరికి వచ్చేసరికి, పక్కన కూర్చునే ఆ పెద్దమనిషికి రక్తం కారితే గట్టిగా నొక్కి పట్టడం, ఎంతసేపు పట్టాలో తెలుసని ముందు నాకు చూపించాలి. అది చూశాక మాట్లాడతాను.