సంయుక్త వేడుక పోస్టర్లు: అచ్చుకు వెళ్లేముందు చూడండి

డిజైన్ పని చూస్తున్న వలంటీరు:

అందరికీ నమస్కారం. ఈ ఏడాది వేడుక మన సంఘం ఒక్కదానిదే కాదు. మరో ఐదు భాషల సంఘాలు కలిశాయి, ఆతిథ్యం మాత్రం మనది. స్వాగత బ్యానర్లు, దారి చూపే బోర్డులు, కార్యక్రమ పత్రం అన్నీ తెలుగు, తమిళం, ఉర్దూ, అరబిక్, చైనీస్, జపనీస్ భాషల్లో ఉండాలి. వీటికి తోడు ఇంగ్లిష్. మొదటి నమూనాలు ఫోల్డర్‌లో పెట్టాను. వాటిని చూసేముందు నిరుడు జరిగింది చెప్పాలి, ఎందుకంటే అప్పటి అరబిక్ బ్యానర్ చేసింది నేనే.

అనువాదం చేసినవారు వాక్యాన్ని సరిగ్గానే పంపారు. నేను దాన్ని తెచ్చి నా సాఫ్ట్‌వేర్‌లో అతికించాను. అరబిక్ అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఇంకో రూపం, చివర మరొకటి. ఆ అమరిక నా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అక్షరాలన్నీ విడివిడిగా, పైగా ఎడమ నుంచి కుడికి తిరగబడి పడ్డాయి. ఆ లిపి చదవడం రాని నా కంటికి అంతా అందంగానే కనిపించింది. అచ్చు వేయించి ద్వారం మీద కట్టాం. వేడుక రోజు ఉదయం ఒక పెద్దావిడ దాని కింద ఆగి, వేలు గాలిలో కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇది మా కోసం రాసిందేనా అమ్మా?" అని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు. ఏడాదిగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మనకే ఇలా జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. "స్వాగతం" అని ఉండాల్సిన చోట "స్‌వాగతం" అని, వత్తు కిందికి చేరక పక్కనే నిలబడి ఉండటం మనలో చూడనివారు ఉండరు. తెలుగు చదవగలిగే కళ్లు ఒక్కసారైనా చూడకుండానే అది అచ్చయిందని దూరం నుంచే తెలిసిపోతుంది. పిలిచారు గానీ పట్టించుకోలేదని మనసు చివుక్కుమంటుంది.

అందుకే ఒక్క నియమం కోరుతున్నాను. ఆ భాష చదువుతూ పెరిగిన మనిషి పేజీని చూసి సరేనన్నాకే ఏ ఫైలైనా ప్రెస్సుకు వెళ్లాలి. అనువాదాన్ని సరిచూడటం వేరు, అమర్చిన పేజీని సరిచూడటం వేరు. మనకు కావలసింది రెండోది.

అచ్చు పనులు చూస్తున్న వలంటీరు:

నీ మాట సబబే అమ్మా. కానీ ప్రెస్సువాళ్లకు గురువారం సాయంత్రానికల్లా ఫైళ్లు చేరాలి. ఐదు సంఘాల ఆమోదం కోసం ఆగితే ఆలస్యం అవుతుందేమో. అన్ని లిపులూ ఉన్న ఒకే ఫాంటు తీసుకుంటే ఈ బాధలు తప్పవా?

డిజైన్ పని చూస్తున్న వలంటీరు:

బాబాయిగారూ, సగం బాధలు తప్పుతాయి. నేను వాడుతున్నది గూగుల్‌వారి నోటో ఫాంట్ల కుటుంబమే. ఫాంటులో అక్షరం లేనప్పుడు కనిపించే ఖాళీ డబ్బాలను టోఫూ అంటారు. ఆ టోఫూ ఇక ఉండకూడదన్న (నో టోఫూ) ఉద్దేశంతోనే ఈ ఫాంట్లకు నోటో అని పేరు పెట్టారు. లిపులన్నీ పక్కపక్కన పెట్టినా ఒకటి లావుగా, ఒకటి పీలగా కనిపించకుండా గీశారు.

అయినా మిగతా సగం మనుషులే చూడాలి. ఉర్దూనే తీసుకోండి. అరబిక్ పుస్తకాల్లో కనిపించే నస్ఖ్ శైలిలో ఉర్దూ అమర్చినా చదవగలరు గానీ, అది వాళ్లకు తమ రాతలా అనిపించదు. ఉర్దూ పాఠకుల కంటికి అలవాటైంది నస్తలీఖ్. అందులో ప్రతి మాటా పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. ఆ జారుడును యంత్రానికి నేర్పడం ఎంత కష్టమంటే, ఉర్దూ పత్రికల పేజీలను కాతిబులు అనే రాతగాళ్లు చాలాకాలం చేత్తోనే రాశారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తలీఖ్ ఫాంటు వచ్చాకే కంప్యూటర్ కూర్పు సాధ్యమైంది. దాని కోసం అక్షరాల కలయికలను వేల సంఖ్యలో విడివిడిగా గీయాల్సి వచ్చింది. అంత శ్రమపడి దక్కించుకున్న రూపాన్ని పోస్టరులో చోటు చాలలేదని మనం తీసేయకూడదు. కాబట్టి ఉర్దూ వరుసకు ఎత్తు పెంచాను. మన వత్తులకు కూడా ఆ జాగా కలిసొచ్చింది.

చైనీస్, జపనీస్ సంగతి ఇంకా సున్నితం. రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న అక్షరాలకు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతిలో, చాలావరకు ఒకే సంఖ్య ఇచ్చారు. గీతల తీరు మాత్రం కొన్నింటిలో వేరు. చైనీస్ ఫాంటులో జపనీస్ వాక్యం పెడితే మన కంటికి ఏ తేడా తెలియదు, వాళ్లు మాత్రం వెంటనే పట్టేస్తారు.

ప్రెస్సుకు పంపేముందు అక్షరాలన్నిటినీ ఔట్‌లైన్లుగా, అంటే గీతల బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ చేస్తాను, అక్కడి కంప్యూటర్‌లో ఫాంటు లేకపోయినా చెదరదు.

స్టాళ్ల బోర్డులు చేస్తున్న వలంటీరు:

అక్కా, నేను ప్రతి భాష పేరు పక్కన ఒక జెండా పెట్టాను. చైనీస్ స్టాలు బోర్డుకు కుంచెతో రాసినట్టు కనిపించే ఇంగ్లిష్ అక్షరాలు వాడాను. చూసి చెప్తారా?

డిజైన్ పని చూస్తున్న వలంటీరు:

రంగుల పొందిక చాలా బాగుంది, దాన్ని మార్చకు. జెండాలు మాత్రం తీసేద్దాం. జెండా దేశానిది, భాషది కాదు. అరబిక్ ఇరవైకి పైగా దేశాల్లో అధికార భాష. వాటిలో ఏ జెండా పెట్టినా మిగతావారిని పక్కన పెట్టినట్టే. తమిళం శ్రీలంకలోనూ సింగపూర్‌లోనూ అధికార భాషే. భాష పేరును ఆ భాషలోనే రాస్తే చాలు, చదవాల్సినవారు చదువుకుంటారు.

ఆ కుంచె అక్షరాల గురించి కాస్త వివరంగా చెప్తాను. అలాంటివి 19వ శతాబ్దం చివర్లోనే అమెరికాలో అచ్చు అక్షరాలను పోతపోసేవాళ్లు తయారుచేశారు. అవి చైనా రాత నుంచి పుట్టినవి కావు, చైనా అంటే బయటివారికి ఉన్న ఊహ నుంచి పుట్టినవి. మనకూ ఇదే జరుగుతుంది. భారతీయ కార్యక్రమం అనగానే ఇంగ్లిష్ అక్షరాలకు దేవనాగరిలా పైన గీత గీసి వేలాడదీస్తారు. మన లిపిలో ఆ గీతే లేదు! ఆ పోస్టర్ చూసినప్పుడల్లా అందులో తెలుగువాళ్లు ఎక్కడున్నారని వెతుక్కుంటాను. చైనీస్ సంఘంవారిని అడుగు, బోర్డు మీద తమను తాము ఎలా చూసుకోవాలనుకుంటున్నారో వాళ్లే చెప్తారు. ఎంత భిన్నమైన బొమ్మ వచ్చినా అదే పెడదాం.

ప్రథమ చికిత్స శిబిరం వలంటీరు:

మా టెంటు మీదికి ఒక పెద్ద ఎర్ర శిలువ చాలమ్మా. అది అందరికీ అర్థమయ్యే గుర్తు కదా.

డిజైన్ పని చూస్తున్న వలంటీరు:

అలాగే అనిపిస్తుంది పిన్నిగారూ, కానీ అది వాడకూడదు. జెనీవా ఒప్పందాల కింద ఆ చిహ్నానికి రక్షణ ఉంది. అనుమతి లేకుండా వాడటం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. ప్రథమ చికిత్సకు అంతర్జాతీయ ప్రమాణం ఆకుపచ్చ మీద తెల్ల శిలువ, అదే పెడుతున్నాను.

ఆ ఎర్ర శిలువ కథ మన పనికి దగ్గరిది. 1864లో స్విట్జర్లాండ్ జెండా రంగులను తిరగేసి, ఎవరి పక్షమూ కాని గుర్తుగా దాన్ని ఎంచుకున్నారు. 1870ల్లో రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు అందులో ఒట్టోమన్ తుర్కులకు క్రైస్తవ శిలువ కనిపించింది. వాళ్లు ఎర్ర నెలవంక వాడారు, 1929లో దానికీ గుర్తింపు వచ్చింది. చివరికి 2005లో ఏ మతాన్నీ తలపించని ఎర్ర స్ఫటికాన్ని చేర్చారు. గీసినవారి మనసులో లేని అర్థం చూసేవారికి కనిపించవచ్చు. అప్పుడు వాళ్లది తప్పని వాదించి లాభం లేదు.

ఇంకొకటి చూసుకున్నాను. ప్రవేశం దగ్గర ఫారం నింపడం, ముద్ర వేయించుకోవడం, లోపలికి రావడం అని మూడు బొమ్మలు వరుసగా పెట్టాం. అరబిక్, ఉర్దూ బోర్డుల మీద అవే బొమ్మలు అదే వరుసలో ఉన్నాయి. కుడి నుంచి చదివేవారికి లోపలికి వచ్చాక ఫారం నింపాలని అర్థమవుతుంది. ఆ రెండు బోర్డుల్లో వరుస తిప్పేశాను, బాణాలు కూడా.

అచ్చు పనులు చూస్తున్న వలంటీరు:

సరే అమ్మా, ప్రెస్సువాళ్లతో మాట్లాడాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగుతామన్నారు. తమిళం, జపనీస్ ప్రూఫులు నేను చేరవేస్తాను.

స్టాళ్ల బోర్డులు చేస్తున్న వలంటీరు:

చైనీస్ సంఘంవారితో ఇప్పుడే మాట్లాడాను అక్కా. వాళ్లలో చేతిరాత నేర్పే ఒకాయన బోర్డు తానే రాసిస్తానన్నారు. ఉర్దూ ప్రూఫు కూడా నాకే ఇవ్వండి.

డిజైన్ పని చూస్తున్న వలంటీరు:

చాలా సంతోషం. ఆయన రాసింది స్కాన్ చేసి పంపు, నేను దేన్నీ దిద్దను. అరబిక్ ప్రూఫు మాత్రం ఫోనులో పంపను. బ్యానర్ ఎంత ఉంటుందో అంత కాగితం మీద తీసి, రేపు సాయంత్రం ఆ పెద్దావిడ ఇంటికి నేనే తీసుకెళ్తున్నాను. రావాలనుకున్నవారు ఆరు గంటలకు బయలుదేరండి, కాగితం పెద్దది, పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి.