పాము గడ్డి మీద ‘రిడండెంట్’గా తేలడమేమిటి?

అమలాపురం: డిగ్రీలో మా ఇంగ్లీషు మాస్టారు మిల్టన్ పాము దగ్గరికొచ్చేసరికి పాఠం ఆపి ఒక పాదం రెండుసార్లు చదివేవారండి. చుట్టలు తిరిగిన పాము గడ్డి మీద ‘రిడండెంట్’గా తేలిందని. ముందు పాదం గుర్తు రావట్లేదు. ఆ మాటకి అక్కర్లేనిది, మోతాదు మించినది అనే కదా అర్థం? పాములో మించినదేమిటి?

రాజమండ్రి: పారడైజ్ లాస్ట్ తొమ్మిదో సర్గ. ‘ఫ్లోటెడ్ రిడండెంట్’ అనే ఉంది. అక్కడ లాటిన్ అర్థం తీసుకోవాలి. ‘ఉండా’ అంటే అల, ‘రెడుండారే’ అంటే పొంగి పొర్లడం. పాము ఒళ్ళు అలలుగా లేచి పడుతోందన్నమాట. అబండెన్స్‌దీ ఆ అలే. సరౌండ్‌కీ మొదటి అర్థం ముంచెత్తడమే, ‘రౌండ్’ పోలిక వల్ల చుట్టుముట్టడంగా మారింది. 1986 ఆగస్టు గోదావరి వరదలో లంకల్ని చూసినవాళ్ళకి ఆ రెండర్థాలూ ఒకేసారి తెలుస్తాయి.

పాలకొల్లు: తొమ్మిదోది 1674 ముద్రణలోనండి. 1667 నాటి మొదటి ముద్రణకి పదే సర్గలు, అందులో ఇది ఎనిమిదోది. ఇంకోటి, ‘ఉండా’, మన ఉదకం, వాటర్ ఒకే ధాతువు బిడ్డలు.

రాజోలు: అదంతా సరే, ‘రె’కీ ‘ఉండా’కీ నడుమ ఆ ‘డ్’ ఎక్కణ్ణించి వచ్చింది? నిలువు, అద్దం కలిసి నిలువుటద్దం అయినట్టు ఇదీ ఆగమమే, అంటే నడుమ కొత్తగా వచ్చి చేరినదే అంటాను.

రాజమండ్రి: కాదు గురువుగారూ. అచ్చు ముందు ఆ ఉపసర్గ రూపమే ‘రెడ్’. రిడీమ్ చూడండి: రెడ్, ఎమెరె. తిరిగి కొనడం.

యానాం: ‘డ్’ కోసం కొట్టుకుంటూ ‘రె’ని వదిలేశారు. రె అంటే వెనక్కి. పోటు వేళ సముద్రం మురుగుకాలవ నీళ్ళని ఎగదన్ని చేల మీదికి తోస్తుంది. పొర్లడం వేరు, ఎగదన్నడం వేరు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 17.75 అడుగులకి వరద మూడో హెచ్చరిక ఇస్తారు, అది పైనుంచి వచ్చే నీటి లెక్క. అక్కడ వరద లేని రోజున కూడా మా చేలు మునుగుతాయి. రెడుండారేకి నేను ‘ఎగదన్ను’ అనే రాసుకుంటాను.

ద్రాక్షారామం: పామూ నీళ్ళూ కలిశాక నన్నయ గారు గుర్తు రాలేదా ఎవరికీ? ఆదిశేషుడి మీద ‘బహువనపాదపాబ్ధి’ చంపకమాల! అందులో ‘అజస్ర’ ఉంది, ‘పాయక’ ఉంది. రెండూ ఎడతెగకపోవడమే కదా, ఒకటి ఎక్కువ కాదా?

రాజోలు: ఎక్కువ కాదు. ‘అజస్ర’ భూభారం మోయడానికి, క్షణం దించడు కనక. ‘పాయక’ హరికి పాన్పైనందుకు, ఆయన్ని వీడడు కనక. ఒకటి కాలం, ఒకటి ఎడబాటు. ఆయన మాట పారేసుకునే కవి కాదు.

పాలకొల్లు: పైగా అక్కడ ‘బాయక’ అని చదవాలి. ‘జలధిశాయికి’ తర్వాత ద్రుతం, అంటే ‘న్’ ఉంది కనక ‘ప’ ‘బ’ అవుతుంది.

ద్రాక్షారామం: సరళాదేశం ఒప్పుకుంటాను. కానీ ‘పాయక’ అంటే గోదావరి పాయలు గౌతమీ వసిష్ఠా కూడా వినపడతాయి. విడిపోయింది కనకనే అది పాయ. రాజమహేంద్రవరంలో కూచుని రాసినాయనకి ఆ ధ్వని తెలీదంటే నమ్మలేను.

అమలాపురం: ఆ ముందు పాదం ఎవరైనా చెప్పరూ?

రాజోలు: చుట్టలు తిరిగిన మెలికలని ఏదో ఉంటుందండి, పుస్తకం చూడాలి. రాజమండ్రి గారూ, మీ ‘రెడ్’ అచ్చు ముందే కనపడుతోందంటే అది ఆగమం కాకేమిటి?

రాజమండ్రి: ఇంగ్లీషు ‘రెండర్’కి మూలమైన ‘రెడ్డెరె’లో హల్లు ముందే ఉంది.

రాజోలు: అందులో రెండో ‘డ్’ ధాతువుది. మొదటిది దాని ద్విత్వం.